సూది కంటే ముందు, సూది తర్వాత: బయాప్సీకి వెళ్లేవాళ్లకు ఒక నర్సు చెప్పే సంగతులు

చాలా బయాప్సీల్లో డాక్టర్ చేతిలో సూది ఉండేది పది, పదిహేను నిమిషాలే. ఆ కాసేపు సాఫీగా జరగాలన్నా, తీసిన ముక్క నుంచి సరైన జవాబు రావాలన్నా పేషెంటు, ఇంట్లోవాళ్లు చేసుకోవాల్సిన పనులు కొన్ని ఉంటాయి. ఓపీలో హడావుడిగా చెప్పేటప్పుడు అవి సగం చెవిన పడవు. "క్యాన్సరేమో" అన్న మాట విన్నాక మిగతా సగం కూడా గుర్తుండదు. నేను విజయవాడలో ఒక ఆస్పత్రి రేడియాలజీ విభాగంలో స్టాఫ్ నర్సుని. ఏళ్ల తరబడి ఈ టేబుల్ పక్కనే నిలబడి పనిచేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవాళ్లకు నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. మీ డాక్టర్ మీ కేసు చూసి వేరేలా చెబితే ఆ మాటే వినండి.

అసలు ఏం చేస్తారు

స్కానింగ్‌లో గడ్డ కనిపిస్తుంది. అది టీబీ గడ్డా, క్యాన్సరా, భయపడక్కర్లేని మామూలు కంతా అన్నది చాలాసార్లు స్కానింగ్ ఒక్కటే తేల్చలేదు. అందులోంచి కొంచెం బయటకు తీసి మైక్రోస్కోప్ కింద చూడాలి. అలా తీయడాన్నే బయాప్సీ అంటారు. ఒకప్పుడు లోపలి గడ్డలకు పొట్ట కోసి తీయాల్సి వచ్చేది. ఇప్పుడు సూది ఎక్కడిదాకా వెళ్లిందో తెర మీద చూసుకుంటూ చర్మం మీద చిన్న గాటుతో తీసేస్తున్నారు. థైరాయిడ్, రొమ్ము, మెడ గడ్డలు, లివర్, కిడ్నీ లాంటివాటికి అల్ట్రాసౌండ్ సరిపోతుంది. గాలి, ఎముక అల్ట్రాసౌండ్‌ను లోపలికి పోనివ్వవు కాబట్టి ఊపిరితిత్తి లోపలి గడ్డలకు, వెన్నుపూసలకు సీటీ వాడతారు.

ఎఫ్ఎన్ఏసీ అంటే సన్న సూదితో కొన్ని కణాలను మాత్రం పీల్చి గాజు స్లైడ్ల మీద పూయడం. 22 నుంచి 25 గేజ్ సూదులు వాడతారు. గేజ్ అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. కోర్ బయాప్సీ, అంటే ఆస్పత్రుల్లో ట్రూకట్ అంటారే, దానికి కొంచెం లావు సూది కావాలి. రొమ్ముకు సాధారణంగా 14 గేజ్, లివర్, ఊపిరితిత్తి లాంటివాటికి 18 గేజ్. దాంతో వచ్చే ముక్క సేమ్యా పుల్లంత సన్నగా, సెంటీమీటరున్నర, రెండు సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. "నాలుగు ముక్కలు తీశాం" అని మేమంటే ఇంట్లోవాళ్లు హడలిపోతారు కానీ, ఆ నాలుగూ కలిపినా చిటికెడు ఉండదు.

"మొన్న ఎఫ్ఎన్ఏసీ చేశారుగా, మళ్లీ ఇదెందుకు, డబ్బుల కోసమా?" అని కొందరు కోప్పడతారు. కణాలు చూస్తే క్యాన్సర్ ఉందో లేదో తెలియొచ్చు. అది ఏ రకం, ఏ మందుకు లొంగుతుంది అన్నది తెలియాలంటే ముక్కే కావాలి. రొమ్ము క్యాన్సర్‌కు ఈఆర్, పీఆర్, హెర్2 అనే పరీక్షలు చేసి దాన్నిబట్టి మందు నిర్ణయిస్తారు. లింఫోమాలో, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌లో అయితే కణాల అమరిక చూడకుండా రకం చెప్పడం చాలా కష్టం.

"సూది పొడిస్తే పాకుతుందట కదమ్మా"

నన్ను అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. సూది దారిలో క్యాన్సర్ కణాలు అంటుకోవడం అసలు జరగదని చెప్పను. జరుగుతుంది, చాలా అరుదుగా. ఏ గడ్డల్లో ఆ ప్రమాదం ఎక్కువో డాక్టర్లకు తెలుసు, అక్కడ సూది వాడరు. వృషణంలో గడ్డ ఉంటే సూది పెట్టరు, ఆపరేషన్ చేసి మొత్తం తీసే పరీక్షకు పంపుతారు. అండాశయానికే పరిమితమైన గడ్డనూ మామూలుగా పొడవరు. సిర్రోసిస్ వచ్చి గట్టిపడిన లివర్‌లో గడ్డ ట్రైఫేసిక్ సీటీలో (మందు ఎక్కించి మూడు దశల్లో తీసే సీటీలో) క్యాన్సర్ లక్షణాలు స్పష్టంగా చూపిస్తే బయాప్సీ లేకుండానే వైద్యం మొదలుపెడతారు. అందుకే "మాకు బయాప్సీ తప్పనిసరా, ఎందుకు?" అని డాక్టర్‌ను అడగండి. అడగడంలో తప్పేం లేదు.

అయితే పక్కింటాయన మాట విని మానేయడం వేరు. పసరు కట్టు కట్టించుకుని, నాటు మందు మింగి, మూడు నాలుగు నెలలు గడిపి, గడ్డ పెరిగాక వస్తారు. అప్పుడు బయాప్సీ చేస్తే క్యాన్సర్ అని తేలుతుంది. కొద్ది వారాల్లో మనిషి ఇంకా క్షీణిస్తే ఊళ్లో అందరూ "సూది పొడిచాకే ఇలా అయ్యాడు" అంటారు. ఆ మాట ఇంకో ఇంట్లో ఇంకో మనిషిని ఆపేస్తుంది. అలా ఆలస్యంగా వచ్చినవాళ్లను చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. దయచేసి ఆ మాట మీ నోటివెంట ఇంకొకరికి చేరనివ్వకండి.

టాబ్లెట్ల కవరు మొత్తం తెండి

బయాప్సీకి ముందు మేం అడిగేవాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అన్నది. దీనికి నోటితో వచ్చే జవాబును నేను నమ్మను. "బాబాయిగారూ, గుండెకు మందులేమైనా వాడుతున్నారా?" అంటే "లేదమ్మా, గుండె బానే ఉంది" అన్నారు ఒక పెద్దాయన, గుంటూరు వైపు ఊరు. కోడలు తెచ్చిన మందుల కవరు తీసి బల్ల మీద పరిచాను. బీపీ, షుగర్ స్ట్రిప్పుల మధ్య రక్తం పలచబరిచే క్లోపిడోగ్రెల్ స్ట్రిప్పు సగం వాడింది ఉంది. "అది గ్యాస్ టాబ్లెట్ అనుకున్నామండీ" అంది కోడలు. ఎప్పుడో స్టెంట్ వేశారు, అది బాగా పనిచేస్తోంది, కాబట్టి ఆయన లెక్కలో గుండెజబ్బు లేదు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయనకు అర్థమైనంత చెప్పారు. ఆ రోజు లివర్ బయాప్సీ ఆపి, గుండె డాక్టర్‌తో మాట్లాడి, తర్వాతి వారం చేశారు.

అందుకని వాడే టాబ్లెట్లన్నీ స్ట్రిప్పులతో సహా ఒక కవరులో తెండి. ఎకోస్ప్రిన్, క్లోపిలెట్, ఎసిట్రామ్, వార్ఫరిన్, ఎలిక్విస్ లాంటి పేర్లు ఉంటే ముందే చెప్పండి. కొలెస్ట్రాల్ మందులోనే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపిన క్యాప్సూళ్లు కూడా ఉన్నాయి. పేరు చూస్తే తెలియదు, వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది.

లివర్, కిడ్నీ, ఊపిరితిత్తి లాంటి లోతు బయాప్సీలకు క్లోపిడోగ్రెల్ సాధారణంగా 5 రోజుల ముందు ఆపిస్తారు. ఆస్పిరిన్ 3 నుంచి 5 రోజులు. వార్ఫరిన్, ఎసిట్రామ్ వాడేవాళ్లకు ఆపి, ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే అంకె) 1.5 దగ్గరకు వచ్చిందని రక్తపరీక్షలో చూసి చేస్తారు. ఎలిక్విస్ లాంటి కొత్త మందులకు కిడ్నీ పనితీరును బట్టి రెండు మూడు రోజులు. మెడలో గడ్డకో థైరాయిడ్‌కో సన్న సూది పరీక్ష అయితే చాలాసార్లు ఏదీ ఆపక్కర్లేదు.

ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్పాలి. ఇది చదివి ఎవరూ సొంతంగా మందు ఆపేయకండి. స్టెంట్ వేసి కొద్ది నెలలే అయినవాళ్లు క్లోపిడోగ్రెల్ ఆపితే స్టెంట్ మూసుకుపోయి ప్రాణం మీదకు రావచ్చు. గుండె వాల్వు మార్చినవాళ్లకూ అంతే. ఆపాలా వద్దా, ఎప్పుడు ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది ఆ మందు రాసిన డాక్టర్, బయాప్సీ చేసే డాక్టర్ మాట్లాడుకుని తేల్చాలి. మళ్లీ మొదలుపెట్టే తేదీ కాగితం మీద రాయించుకోండి. ఆపిన మందును ఇంటికెళ్లాక మర్చిపోయేవాళ్లు చాలామంది.

ముందురోజు, ఆ రోజు పొద్దున

రక్తపరీక్షల్లో సీబీపీ (రక్తకణాల లెక్క), పీటీ ఐఎన్ఆర్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు), వైరల్ మార్కర్లు (హెచ్ఐవీ, హెపటైటిస్ లాంటివి) అడుగుతారు. లోతు బయాప్సీకి ప్లేట్‌లెట్లు 50,000 పైన ఉండాలని చూస్తారు. డెంగీ వచ్చి తగ్గినవాళ్లు, సిర్రోసిస్ ఉన్నవాళ్లు ఈ అంకె ఒకసారి చూసుకుని రండి. అక్కడికి వచ్చాక తక్కువని తెలిస్తే ఆ రోజు ప్రయాణం వృథా.

పరగడుపున రమ్మంటే మామూలుగా 6 గంటలు ఏమీ తినకూడదని అర్థం. కాఫీ, టీ, పాలు కూడా తిండి కిందే లెక్క. "ఒక్క గుక్క కాఫీయేగా" అని తాగి వచ్చినవాళ్లను మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టాల్సి వస్తుంది. మంచినీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చో అడిగి తెలుసుకోండి. బీపీ టాబ్లెట్ మాత్రం మానకండి, గుక్కెడు నీళ్లతో వేసుకోండి. బీపీ ఎక్కువుంటే, ముఖ్యంగా కిడ్నీ బయాప్సీలో, రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది. షుగర్ టాబ్లెట్లు, ఇన్సులిన్ సంగతి తిండితో ముడిపడి ఉంటుంది. తినకుండా ఇన్సులిన్ వేసుకుంటే షుగర్ పడిపోయి టేబుల్ మీదే చెమటలు పడతాయి. షుగర్ ఉన్నవాళ్లు పొద్దున్నే మొదటి కేసుగా పెట్టమని అడగండి, మేం వీలైనంతవరకు పెడతాం.

పాత స్కానింగ్‌లు తెచ్చేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటీ తెస్తే లాభం లేదు. ఫిల్ములు కావాలి, సీడీ ఉంటే ఇంకా మంచిది. సూది ఏ పక్కటెముకల మధ్య నుంచి, ఏ రక్తనాళాన్ని తప్పించి వెళ్లాలో డాక్టర్ ఆ బొమ్మలు చూసే గీసుకుంటారు.

గర్భం ఉన్నా, నెల తప్పిందన్న అనుమానం ఉన్నా సీటీ గదిలోకి వెళ్లే ముందే చెప్పండి. పక్కన నిలబడే అటెండెంట్లకూ ఇదే మాట.

నగల విషయంలో ఆడవాళ్లు ఇబ్బంది పడతారు. మెడ, ఛాతీ సీటీలో లోహం ఉంటే బొమ్మ మీద గీతలు పడి గడ్డ సరిగా కనిపించదు, కాబట్టి గొలుసులు, పుస్తెలతాడు తీయమంటాం. తీయడానికి మనసొప్పనివాళ్లు ఇంటి దగ్గరే పసుపుతాడు కట్టుకుని బంగారం ఇంట్లో పెట్టి వస్తే సరిపోతుంది. పసుపుతాడు బొమ్మకు అడ్డం రాదు. ఆస్పత్రిలో బంగారం తీసి ఎవరి చేతికో ఇచ్చి ఆ టెన్షన్‌తో టేబుల్ ఎక్కడం కంటే ఇది మేలు.

మనిషికి చెప్పి తీసుకురండి

"ఆయనకు క్యాన్సర్ అనుమానమని చెప్పకండి మేడమ్, తట్టుకోలేడు" అని గది బయట నా చెయ్యి పట్టుకునే కొడుకులు, కూతుళ్లు ఎక్కువ. వాళ్ల ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ ఏమీ తెలియకుండా టేబుల్ మీద పడుకున్న మనిషి వణికిపోతాడు. ఊపిరి ఆపమంటే ఆపలేడు, సూది తగలగానే లేచి కూర్చోబోతాడు. రోగం పేరు ఇప్పుడే చెప్పాలని నేననను, అదింకా డాక్టర్లకే తెలియదు. కనీసం "లోపల చిన్న గడ్డ ఉంది నాన్నా, అదేమిటో తెలుసుకోవడానికి సూదితో కొంచెం తీస్తారు, మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, నువ్వు మెలకువగానే ఉంటావు" అని చెప్పండి. సంతకం పెట్టే కాగితం కూడా ఆయనదే. స్పృహలో ఉన్న పెద్దమనిషికి తెలియకుండా ఆయన ఒంట్లో సూది పెట్టడం నాకు సమ్మతం కాదు. చట్టం కూడా ఒప్పుకోదు.

టేబుల్ మీద

చర్మానికి లిగ్నోకైన్ అనే మొద్దుబార్చే మందు ఇస్తారు. ఎక్కించేటప్పుడు కొన్ని సెకన్లు చురుక్కుమని మండుతుంది. ఆ తర్వాత ఒత్తుతున్నట్టు తెలుస్తుంది కానీ నొప్పి పెద్దగా ఉండదు. ఉంటే చెప్పండి, ఇంకొంచెం ఇస్తారు. ఓర్చుకోవడం గొప్పని పళ్లు బిగించి పడుకోవద్దు.

కోర్ బయాప్సీ గన్ నొక్కగానే స్ప్రింగు "టక్" మంటుంది. ఆ శబ్దానికి ఉలిక్కిపడి కదిలితే సూది పక్కకు పోతుంది. అందుకే ముందే ఒకసారి గాలిలో నొక్కి వినిపిస్తాం. వినిపించకపోతే మీరే అడగండి.

ఊపిరి ఆపడం అన్నిటికంటే ముఖ్యం. మనం ఊపిరి తీసినప్పుడు లివర్, కిడ్నీ, ఊపిరితిత్తి కింది భాగం కిందికీ పైకీ జరుగుతాయి. డాక్టర్ ఒక ఊపిరిలో గడ్డను చూసి, ఇంకో ఊపిరిలో సూది దించితే గడ్డ వేరేచోట ఉంటుంది. కాబట్టి ప్రతిసారీ ఒకే అంత గాలి తీసుకుని ఆపాలి. చాలామంది రొమ్ము విరుచుకుని గట్టిగా పీల్చేస్తారు, రెండోసారి అంత పీల్చలేరు. మామూలుగా తీసుకుని, మామూలుగా వదిలి, అక్కడ ఆపడం తేలిక. ఇంట్లో పడుకుని, ఎవరినైనా "ఆపు", "వదులు" అనమని, పది సెకన్లు ఆపడం రెండు రోజులు అలవాటు చేసుకుని రండి. ఊపిరితిత్తి బయాప్సీకి వచ్చేవాళ్లకు ఇది నేను తప్పకుండా చెప్తాను.

సూది లోపల ఉన్నప్పుడు మాట్లాడకూడదు, తల ఊపకూడదు. దగ్గు వస్తున్నట్టుంటే వేలెత్తండి. థైరాయిడ్ సూదిలో అయితే గుటక కూడా వేయకూడదు, గుటకతో గడ్డ మొత్తం పైకి జరుగుతుంది. కళ్లు తిరిగినా, చెమట పట్టినా, చూపు మసకబారినా వెంటనే చెప్పండి. భయానికి బీపీ పడిపోవడం మామూలే. కాళ్లు ఎత్తిపెట్టి సెలైన్ పెడితే కాసేపట్లో సర్దుకుంటుంది.

ముక్క ఏ డబ్బాలోకి వెళ్తోందో చూడండి

ఇంత చేసి తీసిన ముక్క తప్పు డబ్బాలో పడితే పడిన కష్టమంతా పోతుంది. మన ప్రాంతంలో చాలా ఆస్పత్రుల నుంచి డబ్బాను అటెండెంట్ చేతికే ఇచ్చి ల్యాబ్‌లో ఇచ్చి రమ్మంటారు. కాబట్టి ఇది మీకూ తెలిసుండాలి.

మామూలు బయాప్సీ ముక్క ఫార్మలిన్‌లో వేస్తారు. నీళ్లలా తెల్లగా ఉంటుంది, ఘాటు వాసన. అది ముక్కను కుళ్లకుండా కాపాడుతుంది, అదే సమయంలో అందులో ఉన్న క్రిములన్నిటినీ చంపేస్తుంది. టీబీ అనుమానం ఉంటే కల్చర్ చేయాలి, అంటే క్రిములను పెంచి చూడాలి. చచ్చిన క్రిములు పెరగవు. అందుకని టీబీ కల్చర్‌కు, సీబీనాట్ అనే టీబీ క్రిమి పరీక్షకు వేరుగా ఒక ముక్కను ఉట్టి సెలైన్‌లో వేయాలి. మెడ గడ్డ తీయించుకున్న ఒక ఇంటర్ అమ్మాయికి వేరేచోట ముక్కలన్నీ ఫార్మలిన్‌లోనే వేశారు. రిపోర్టులో "టీబీ లాంటి మార్పులు" అని వచ్చింది కానీ ఏ మందుకు లొంగుతుందో చూడటానికి క్రిమి లేదు. ఆ పిల్లను మళ్లీ పడుకోబెట్టి మళ్లీ సూది పెట్టాల్సి వచ్చింది. తప్పించదగ్గ నొప్పి అది.

డాక్టర్‌ను ఇలా అడగండి: "టీబీ అనుమానం ఏమైనా ఉందాండీ? ఉంటే సెలైన్‌లో కూడా ఒక ముక్క పెడతారా?" మన దేశంలో మెడ గడ్డలకు, వెన్నుపూస పాడవడానికి, ఊపిరితిత్తి మచ్చలకు టీబీ అనుమానం ఎప్పుడూ పక్కనే ఉంటుంది. సీబీనాట్ మెషిన్‌లో పెట్టాక రెండు గంటల్లోపే జవాబు వస్తుంది, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందుకు లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. ప్రభుత్వ టీబీ కేంద్రాల్లో ఇది ఉచితం. లింఫోమా అనుమానిస్తే కణాల రకం తేల్చే ఫ్లో సైటోమెట్రీ పరీక్షకు కూడా ఫార్మలిన్ పనికిరాదు.

డబ్బా చేతికి ఇచ్చినప్పుడు పేరు, వయసు, తేదీ, ఏ వైపు, ఏ అవయవం అన్నవి డబ్బా మీదే ఉన్నాయా చూడండి. మూత మీద రాసి ఉంటే డబ్బా మీద రాయించండి, ల్యాబ్‌లో మూత తీసి పక్కన పెడతారు. ఫార్మలిన్ డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదు. మూత తీసి చూడొద్దు, వాసన కళ్లను మండిస్తుంది. సెలైన్ డబ్బాను మాత్రం నేరుగా ల్యాబ్‌కే తీసుకెళ్లండి, దారిలో టిఫిన్‌కు ఆగకండి. ఆలస్యమైతే అది పనికిరాకుండా పోతుంది.

అయిపోయాక

ఊపిరితిత్తి బయాప్సీ తర్వాత సూది గుచ్చిన వైపు కిందికి పెట్టి పడుకోబెడతారు. చిల్లు దగ్గర బరువు పడి మూసుకోవడానికి అది. కొన్ని గంటలయ్యాక ఎక్స్‌రే తీస్తారు. సుమారు ఐదుగురిలో ఒకరికి ఊపిరితిత్తి చుట్టూ కొంచెం గాలి చేరుతుంది. ఎక్కువమందికి దానంతటదే తగ్గిపోతుంది, కొద్దిమందికి చిన్న పైపు పెట్టి తీయాల్సి వస్తుంది. సిగరెట్, బీడీ బాగా తాగి ఊపిరితిత్తులు పాడైనవాళ్లకు ఇది ఎక్కువ. ఉమ్మిలో కొద్దిగా రక్తపు చార ఒకట్రెండు రోజులు కనిపించొచ్చు. ఇంటికెళ్లాక హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో పొడిచినట్టు నొప్పి వస్తే రాత్రయినా సరే క్యాజువాలిటీకి రండి. విమాన ప్రయాణం ఉంటే ముందే డాక్టర్‌కు చెప్పండి, కొన్నాళ్లు ఆపమంటారు.

లివర్ బయాప్సీ తర్వాత కుడివైపు తిరిగి పడుకోమంటారు. కుడి భుజంలో నొప్పి వస్తే "సూది పొట్టలో పెట్టారు, భుజం ఎందుకు లాగుతోంది" అని కంగారు పడతారు. లివర్ పైనున్న పొర నుంచి, భుజం నుంచి నరాల సమాచారం మెదడుకు ఒకే దారిలో వెళ్లడం వల్ల అలా అనిపిస్తుంది. కొంచెమైతే ఫరవాలేదు. నొప్పి పెరిగిపోతూ పొట్ట ఉబ్బినా, చెమటలు పట్టినా, గుండె దడగా ఉన్నా ఆలస్యం చేయకూడదు. రక్తం కారడం అంటూ జరిగితే ఎక్కువగా మొదటి కొన్ని గంటల్లోనే తెలుస్తుంది, అందుకే అన్ని గంటలు అక్కడ ఉంచుతాం. ఇంటికెళ్లే తొందర వద్దు. పొట్టలో నీరు చేరి, రక్తం గడ్డకట్టని లివర్ పేషెంట్లకు పైనుంచి గుచ్చకుండా మెడ దగ్గరి సిరలోంచి సన్న గొట్టం పంపి లోపలి నుంచే ముక్క తీసే పద్ధతి కూడా ఉంది.

కిడ్నీ బయాప్సీ అయ్యాక కదలకుండా వెల్లకిలా పడుకోవాలి. మూత్రాన్ని ప్రతిసారీ చూడండి. లేత ఎరుపు వచ్చి మెల్లగా తెల్లబడితే మంచిదే. ముదురు ఎరుపు, గడ్డలు, మూత్రం ఆగిపోవడం కనిపిస్తే నర్సుకు చెప్పాలి. రెండు వారాలపాటు బరువులెత్తొద్దు, బండి మీద గతుకుల రోడ్డున తిరగొద్దు.

మెడ, రొమ్ము సూదులకు ఇంత అక్కర్లేదు. కాసేపు గట్టిగా అదిమిపెట్టుకుని, పలుచని గుడ్డలో ఐసు ముక్కలతో కాపడం పెట్టుకుంటే చాలు.

పైపుతో ఇంటికి వెళ్లేవాళ్లకు

మా గదిలో ముక్కలు తీయడమే కాదు, చీము, నీరు, పైత్యం బయటకు తీసే పైపులు కూడా వేస్తాం. మా వైపు ఎక్కువగా చూసేది లివర్‌లో చీముగడ్డ. కల్లు, సారా అలవాటున్న మగవాళ్లలో ఎక్కువ. చలిజ్వరం, కుడి డొక్కలో నొప్పితో వస్తారు. లోపల గోధుమ రంగు చీము లీటరుదాకా ఉంటుంది కొందరికి. ఒకప్పుడు పెద్ద ఆపరేషన్. ఇప్పుడు అల్ట్రాసౌండ్ చూస్తూ పిగ్‌టెయిల్ అనే పైపు వేస్తారు. 12 ఫ్రెంచ్ పైపు అంటే 4 మిల్లీమీటర్ల లావు. లోపలి కొస చుట్ట చుట్టుకుని ఉంటుంది కాబట్టి తేలిగ్గా జారిపోదు.

ఈ పైపుతో ఇంటికి పంపినప్పుడు అసలు పని ఇంట్లో ఆడవాళ్ల మీద పడుతుంది. సంచి ఎప్పుడూ పైపు పెట్టిన చోటు కంటే కింద ఉండాలి. పడుకున్నప్పుడు మంచం మీద పక్కన పెట్టకుండా మంచం అంచుకు వేలాడదీయండి. రోజూ ఒకే వేళకు సంచిలో ఎంత వచ్చిందో కొలిచి, రంగుతో సహా క్యాలెండర్ మీద రాయండి. డాక్టర్ పైపు తీయాలా వద్దా అన్నది ఆ అంకెలను చూసే నిర్ణయిస్తారు. రోజుకు 10, 20 మిల్లీలీటర్లకు తగ్గి, జ్వరం లేకపోతే స్కానింగ్ చేసి తీస్తారు. నిన్నటిదాకా బాగా వచ్చి ఇవాళ ఉన్నట్టుండి ఆగిపోతే తగ్గిందని సంబరపడకండి, ముందు పైపు ఎక్కడైనా మెలిక పడిందేమో చూడండి. మెలిక లేకపోతే ఫోన్ చేయండి, మూసుకుపోయి ఉండొచ్చు. పైపు కొంచెం బయటకు జారితే మీరు లోపలికి తోయకండి. ప్లాస్టర్‌తో అక్కడే అతికించి తీసుకురండి.

కిడ్నీలో రాయో గడ్డో అడ్డం పడి మూత్రం ఆగితే వీపు నుంచి వేసే పీసీఎన్ పైపుకూ ఇవే జాగ్రత్తలు. కాకపోతే అది ఎక్కువకాలం ఉండాల్సి వస్తే సుమారు మూడు నెలలకోసారి మార్చాలి. పైపు ఉండగా జ్వరం, చలి వస్తే ఇంట్లో పారాసిటమాల్‌తో సరిపెట్టకండి.

ఆడవాళ్లకు ఒక మాట

గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు (క్యాన్సర్ కాని కండ గడ్డలు) ఉండి, నెలనెలా రక్తం పోయి నీరసించినవాళ్లకు మన దగ్గర వెంటనే వినిపించే సలహా "గర్భసంచి తీసేద్దాం". 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశ సగటు 3 శాతం చిల్లర. ఈ అంకె చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. అందరికీ అవసరమయ్యే తీశారంటే నేను నమ్మలేను.

గర్భసంచి ఉంచి ఫైబ్రాయిడ్లకు రక్తం ఆపే ప్రక్రియ రేడియాలజీలోనే ఒకటి ఉంది, ఎంబొలైజేషన్ అంటారు. మణికట్టు నుంచో గజ్జ నుంచో రక్తనాళంలోకి సన్న గొట్టం పంపి, ఫైబ్రాయిడ్‌కు వెళ్లే నాళంలో ఇసుక రేణువులంత సన్నని కణాలు వదులుతారు. రక్తం అందక గడ్డలు కొన్ని నెలల్లో కుంచించుకుపోతాయి. మొదటి రోజు నొప్పి గట్టిగానే ఉంటుంది, దానికి మందులిస్తారు. ఇది అందరికీ సరిపడదు. పిల్లలు కావాలనుకునేవాళ్లు, క్యాన్సర్ అనుమానం ఉన్నవాళ్లు గైనకాలజిస్టుతో విడిగా మాట్లాడాలి. అయినా సంతకం పెట్టే ముందు "నాకు ఎంబొలైజేషన్ కుదురుతుందా?" అని అడిగే హక్కు ప్రతి ఆడమనిషికీ ఉంది. అడగండి.

రిపోర్టు, దాంతోపాటు తెచ్చుకోవాల్సినవి

మామూలు బయాప్సీ రిపోర్టుకు నాలుగైదు రోజుల నుంచి వారం పడుతుంది. ఐహెచ్‌సీ పరీక్షలు (ముక్కకు ప్రత్యేక రంగులు పట్టించి రకం చూసేవి) కావాలంటే ఇంకో వారం. ల్యాబ్‌వాళ్లు అడిగినంత మాత్రాన రోగం ముదిరిందని కాదు, రకం తేల్చుకోవడానికి అడుగుతారు.

"ఇన్‌కన్‌క్లూజివ్" (తేల్చి చెప్పలేం) అనో, "నెక్రోసిస్ మాత్రమే" అనో వస్తే గడ్డలో చచ్చిపోయిన భాగం సూదికి తగిలి ఉండొచ్చు. దాన్ని "ఏమీ లేదు" అని చదువుకుని ఇంట్లో కూర్చోకండి. స్కానింగ్‌లో అనుమానం బలంగా ఉంటే మళ్లీ తీయాల్సిందే.

ఖర్చు సంగతి ముందే కనుక్కోండి. ఆరోగ్యశ్రీ, వైద్యసేవ కౌంటర్‌లో ఉండే ఉద్యోగిని బయాప్సీ కంటే ముందే కలిస్తే ఏది వర్తిస్తుందో, ఏ కాగితాలు కావాలో చెబుతారు. అన్నీ అయిపోయాక వెళ్తే వాళ్లూ ఏమీ చేయలేకపోవచ్చు.

రిపోర్టుతో ఆగకుండా స్లైడ్లు, పారాఫిన్ బ్లాకులు కూడా అడగండి. బ్లాకు అంటే మీ ముక్కను మైనంలో పెట్టి భద్రం చేసిన చిన్న దిమ్మ. హైదరాబాద్‌లో ఎంఎన్‌జేకో, నిమ్స్‌కో, వేరే క్యాన్సర్ ఆస్పత్రికో వెళ్తే అక్కడివాళ్లు మొదట అడిగేది అదే. అది ఉంటే మళ్లీ సూది అక్కర్లేకుండా అందులోంచే కొత్త పరీక్షలు చేస్తారు. బ్లాకు ఇచ్చేటప్పుడు ల్యాబ్‌లో రిజిస్టర్ మీద సంతకం తీసుకుంటారు. దాని మీది నంబరు, రిపోర్టు మీది నంబరు ఒకటేనా అని కౌంటర్ దగ్గరే సరిచూసుకోండి. విరిగిపోకుండా చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఎండ తగిలే కారు అద్దం దగ్గర కాకుండా బ్యాగులో ఉంచుకోండి. మైనం కరిగితే ముక్క పాడవుతుంది.